కౌజుపిట్ట కూత

తుప్పల్లోంచి కౌజుపిట్ట కూసింది.

“కటీతర్... కటీతర్...”

సీతామహాలక్ష్మి టక్కున ఆగి, మేనల్లుడు రమణబాబు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అదేరా నాయినా! మా నాన్న చెరుకుతోటలో కూసేది.”

చూపు పోయిన ఆ ముసలి మొహం వెలిగిపోయింది. రమణబాబుకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

హైటెక్ సిటీ కొత్తగా వెలుగుతున్న రోజులవి. అతనికి అక్కడే కొలువు, అల్వాల్‌లో కాపురం. పెంచిన మేనత్తని బొబ్బిలి నుంచి తెచ్చుకున్నాడు గాని, ఫ్లాటులో ఆవిడ చెవిన పడేది లిఫ్టు చప్పుడూ, పక్కవాళ్ల మిక్సీ మోతే.

అందుకే ఆదివారం పొద్దున్నే తనతోపాటు బొల్లారం దిబ్బలకి తీసుకొస్తున్నాడు. అక్కడ అతనూ, బ్యాంకు ఉద్యోగి కల్పలతా, మరికొందరూ కలిసి ఏయే పిట్టలున్నాయో రాసుకుని అందరికీ మెయిల్ పెడతారు. కంటికి కనబడినా, చెవికి వినబడినా లెక్కే. ఆ పద్ధతి అత్తకి భలే నచ్చింది.

కిందటి వారం దిబ్బల దగ్గర ప్రేమమణి నడిపే టీకొట్టు ముందు నలుగురూ వినేలా అత్త అనేసింది కూడా.

“కౌజుపిట్ట కూత ఒక్కసారి వింటే చాలురా బాబూ. ఇంకేం అక్కర్లేదు నాకు.”

వారం తిరిగేసరికి వినబడనే వినబడింది.

“కౌజుపిట్ట, కూత మాత్రమే,” అని కల్పలత మురిసిపోతూ రాసుకుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం కూసింది. ఏ.ఎస్. రావు నగర్ నుంచి కూడా కెమెరాలు వేసుకుని వచ్చారు. ఒక్కరికీ కనబడలేదు. మహా సిగ్గరి పిట్ట అనుకున్నారు.

ఒక ఆదివారం కూత ఆగిన కాసేపటికి, అవే తుప్పల్లోంచి భుజాన సంచితో ఓ ముసలాయన బయటికొచ్చాడు.

“ఏం చేస్తున్నావిక్కడ?” రమణబాబు అడ్డం వెళ్లాడు.

అతను చెప్పబోయి దగ్గాడు. దగ్గు ఆగాక మెల్లగా అన్నాడు.

“ఏం లేదు సార్. గిట్లనే కూసున్న.”

“ఆ సంచిలో ఏముంది?”

“మేకలకు ఆకు సార్.”

సీతామహాలక్ష్మి దగ్గు వినబడిన వైపు తల తిప్పింది.

“పోనియ్‌రా, పెద్దాయన,” అంది.

రమణబాబు పోనిచ్చాడు గాని, మనసు ఒప్పుకోలేదు. టీకొట్టు దగ్గర ఆరా తీశాడు.

“బిక్షమా? ఎన్కట పిట్టలు పట్టి అమ్మేటోడు సార్,” అంది ప్రేమమణి. “గిప్పుడు బంద్ జేసిండంటరు. మనకేమెర్క?”

ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు అనుకున్నాడు. అత్తకి చెప్పకుండా, దిబ్బలకి వెళ్లే దారిలో వేస్తున్న వెంచర్ గేటు కాపలాదారు తిరుమల్‌ని కలిశాడు.

“ఆ ముసలాణ్ని లోపలికి రానివ్వకు.”

“అడుగు సుత పెట్టనియ్య సార్.”

మరుసటి ఆదివారం పిట్ట కూయలేదు.

ఆ పైవారం కూడా కూయలేదు. సీతామహాలక్ష్మి తుప్పలవైపు చెవి పెట్టి ఎండెక్కేదాకా నిలబడింది.

“ఈవేళా లేదేట్రా?”

పోతూపోతూ పిట్టని పట్టేసుంటాడు వెధవ, అనుకున్నాడు రమణబాబు. ఎలాగైనా ఆ పిట్టని విడిపించి అత్తకి మళ్లీ వినిపించాలి. వాకబు చేసుకుంటూ రైలుపట్టాల అవతల బిక్షం ఇంటికి వెళ్లాడు.

వాకిట్లో పాత పంజరం ఉంది. తలుపు ఊడిపోయిన ఆ పంజరంలో కోడిపెట్ట పొదుగుతోంది. బిక్షం భార్య దేవమ్మ లోపల్నించి వచ్చింది.

“బిక్షం ఏడీ? ఆ కౌజుపిట్టని ఏం చేశాడు?”

“ఆయన పోయిండు సార్. దగ్గు జాస్తయింది. దవాఖాన్లనే పోయిండు.”

రమణబాబు మళ్లీ ఆ పంజరం వైపు చూశాడు.

“కౌజులు ఏడున్నయ్ సార్?” అందామె. “జేసీబీలు ఒచ్చినంక ఆ దిబ్బల ఒక్కటి సుత మిగల్లే. అయినా ఐతారం పొద్దుగాల్నే ఉరుకుతుండె. గేటు కాడ ఆపినంక మస్తు పరేషానైండు. పోవాలె, పోవాలె అని ఒకటే పోరు. ఎందుకో నాకు సుత చెప్పలే.”

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అత్త పలకరించింది.

“ఎక్కడికెళ్లావురా?”

“పిట్టలు పట్టే బిక్షం ఇంటికత్తా. పోయాడట.”

“ఆ దగ్గే మనిషేనేట్రా?”

“అవునత్తా.”

సీతామహాలక్ష్మి చీరకొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నాకు తెలిసిపోయిందంటే సిగ్గుపడి మానేస్తాడేమోనని నీక్కూడా చెప్పలేదు. రెండు కూతల మధ్యన పిట్టకి దగ్గొస్తుందేట్రా నాయినా, ఇన్నాళ్లూ నా కోసం కూసింది ఆ మనిషే.”