తొట్టి కింద రెండడుగులు

దెన్‌చో మేస్త్రీకి మొదటి గంటలోనే అనుమానం పట్టుకుంది.

ఊళ్లో నలుగురు మేస్త్రీలుండగా, సరస్సు అవతలి ఊరి నుంచి తననెందుకు పిలిపించినట్టు? పైగా పనేమిటయ్యా అంటే, స్నానాల గదిలో ఇనప తొట్టి పెట్టాలట. బతంగాస్ జిల్లా మొత్తం బకెట్టూ మగ్గుతో కానిచ్చేస్తుంటే, ఈ ఇంటావిడ పానింగ్ ఒక్కదానికే దొరసాని స్నానం కావలసి వచ్చిందా?

"మా ఆయన కోసం తమ్ముడూ" అంది పానింగ్. "పక్షవాతం వచ్చి కాలు కొయ్యబారిపోయింది. రోజూ వేడినీళ్లలో కూర్చోబెడితే మళ్లీ నడుస్తాడని డాక్టరమ్మ చెప్పింది. పడగొడుతున్న హోటల్లోంచి తొట్టి ఊరికే ఇస్తున్నారు. మూడు వారాల్లో నేల సిద్ధం కాకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు."

దెన్‌చో సుత్తి కర్రతో టైల్స్ మీద కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు.

"కింద ఉత్త ఇసకే అక్కా. తొట్టి, నీళ్లు, మనిషి కలిపి ఐదొందల కిలోలు. ఇది ఆగదు. టైల్స్ లేపి రెండడుగులు తవ్వాలి. కంకర పోసి దిమ్మిసతో కొట్టాలి, ఊచలు కట్టాలి, కాంక్రీటు పొయ్యాలి."

"సిమెంటూ ఊచలూ కొనగలను. అంత పనికి కూలి మాత్రం ఇచ్చుకోలేను. జానెడు తవ్వితే చాలదా?"

"జానెడా! మొదటి రోజే మీ ఆయన తొట్టితో సహా పాతాళానికి పోతాడు."

పానింగ్ మొహం వాడిపోయింది. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"ఇంకో మాట తమ్ముడూ. యుద్ధంలో ఈ ఇంట్లో జపాన్ దొర ఉండేవాడని ఎవరైనా అంటే నమ్మకు. అన్నీ అబద్ధాలు. ఇక్కడెవరూ ఏమీ పాతిపెట్టలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని మాటకి ఈ జవాబేమిటి? జపాన్ వాళ్లు దాచి వెళ్లారనే బంగారం కోసం ఆ చుట్టుపక్కల తవ్వని పెరడు లేదు. దెన్‌చో తలెత్తి దూలాలు చూశాడు. నల్లబడిన పాతకాలపు కలప. యుద్ధం నాటి ఇల్లే, సందేహం లేదు. ఊరి మేస్త్రీలని ఎందుకు పిలవలేదో కూడా అర్థమైపోయింది. వాళ్లకి తెలిస్తే ఊరందరికీ తెలిసిపోదూ!

"కూలి వద్దులే అక్కా. కింద ఏం దొరికినా చెరి సగం."

"ఏం దొరుకుతుంది, నా బొంద! దొరక్కపోతే మధ్యలో వదిలేసి పోతావు."

"పోను. దొరికినా దొరక్కపోయినా నేల పూర్తి చేసే కదులుతా."

బాలయేసు బొమ్మ ముందు ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

నాలుగు రోజులు ఒక్కడే తవ్వాడు. సాయానికి ఎవర్నీ రానివ్వలేదు. పానింగ్ గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుని, బయటికొచ్చే ప్రతి తట్టా చేత్తో కెలికి చూసింది. కాఫీకని పిలిచినా అతను గుంట వదల్లేదు.

"ఏంటక్కా, నన్ను దొంగని చూసినట్టు చూస్తావు?"

"సాయంత్రం పోయేటప్పుడు జేబులు దులిపి చూపించి పో."

రెండడుగుల్లో ఏమీ లేదు. మూడడుగులు తవ్వాడు. ఇసకా నత్తగుల్లలూ తప్ప ఇంకేమీ లేదు.

ఒట్టు ఒట్టే. తిట్టుకుంటూనే కంకర కొట్టాడు, ఊచలు కట్టాడు, కాంక్రీటు పోశాడు. వారం పైగా తడిపి, టైల్స్ పరిచి, మట్టం చూశాడు. ఎంత కోపమొచ్చినా పని చెడగొట్టే రకం కాదు పాపం.

శనివారం తొట్టి వచ్చింది. ఊరి మేస్త్రీలు నలుగురూ వచ్చి లోపలికి మోశారు. వేడినీళ్లు నింపి ముసలాయన్ని అందులో కూర్చోబెట్టారు. నేల వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆయన కళ్లు మూసుకుని "అమ్మయ్య" అన్నాడు. పానింగ్ వెక్కి వెక్కి ఏడ్చింది. చూస్తున్న దెన్‌చోకి కూడా కళ్లు చెమర్చాయి.

అయినా కడుపుమంట చల్లారలేదు. బయటికొచ్చాక పెద్ద మేస్త్రీతో అనేశాడు.

"యుద్ధం నాటి ఇల్లు. ఆ జపాన్ దొర ఒక్క ఉంగరమైనా వదిలి పోకూడదూ!"

పెద్ద మేస్త్రీ వింతగా చూశాడు.

"కలప పడగొట్టిన పాత బడి నుంచి తెచ్చింది తమ్ముడూ, ఇల్లు మాత్రం పద్దెనిమిదేళ్ల కిందట మేం నలుగురమే పునాది తీసి కట్టాం."