మూడు టీవీల ఇల్లు

ఇంకో రెండు ఓవర్లలో మ్యాచ్ తేలిపోతుందనగా ఇంట్లో మూడు టీవీలూ ఒక్కసారే ఆరిపోయాయి.

ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"మళ్ళీనా!" కోదండరాం సోఫాలోంచి లేచాడు. "ఈ వారంలో ఇది ఎన్నోసారి అమ్మణీ?"

"నన్నడిగితే? సింగపూర్‌లో చూసొచ్చినానని పెట్టించింది మీరు," అంది భార్య.

"నైనా! పోయింది!" మేడమీద నుంచి పిల్లలు అరిచారు.

కోదండరాంకి పురసవాక్కంలో స్టీలు పాత్రల షాపు. ఆ వీధిలో ఎవరికీ లేని ఏర్పాటు ఒకటి ఇంట్లో చేయించుకున్నాడు. హాల్లో టీవీ పెడితే చాలు, మేడమీద పిల్లల గదిలోదీ, వెనక గదిలో తల్లి మంచం ఎదురుగా ఉన్నదీ వాటంతట అవే వెలుగుతాయి. హాల్లో ఆపితే అన్నీ ఆరిపోతాయి. వచ్చినవాళ్ళకి కాఫీకన్నా ముందు అదే చూపించేవాడు.

ఆ పని చేసే డబ్బా తల్లి గదిలో, మంచం తలాపు పక్కన గోడకుంది. మిద్దె మీది వైర్లన్నీ ఆ గది కిటికీలోంచే దిగుతాయి మరి. ఉరుములొస్తే ఆపడానికి దానికొక ఎర్ర బటన్. మళ్ళీ వెలగాలంటే మాత్రం తాళంచెవి పెట్టి తిప్పాలి. పిల్లలు చదువు మానేసి కూర్చుంటారని ఆ చెవి కోదండరాం తన జేబులోనే ఉంచుకున్నాడు.

విసురుగా వెనక గదిలోకి పోయాడు.

తల్లి మంచంలో ఉంది. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. మాట పోయింది. కాళ్ళూ చేతులూ ఇక రావని డాక్టరు చెప్పేశాడు. పక్కన ఆయా మునెమ్మ నూనెగిన్నె పట్టుకుని కూర్చుంది.

"ఎవరు ఆపింది?"

"నేను చూళ్ళేదయ్యా."

డబ్బాకి తాళంచెవి పెట్టి తిప్పాడు. టీవీలో జనం గోల మళ్ళీ మొదలైంది.

"వచ్చినావు కదయ్యా, రవ్వంతసేపు కూర్చోరాదా? పెద్దమ్మ నిన్నే చూస్తా ఉండాది."

"నన్నెందుకు చూసేది? చూసేదానికే కదా టీవీ పెట్టించింది!"

వెళ్ళిపోయాడు. ఆ జవాబు అతనికి తృప్తిగానే ఉంది. మంచాన పడ్డ తల్లికి విడిగా కలర్ టీవీ పెట్టే కొడుకులు ఎందరుంటారు!

ఆదివారం, డబ్బా తయారుచేసిన ఆనంద్‌రాజ్ వచ్చి విప్పి చూశాడు.

"సార్, డబ్బాలో ఏ కంప్లైంటూ లేదు. ఎవరో బటన్ నొక్కతా ఉండారు."

"ఎవరు నొక్కుతారయ్యా? ఈడ ఉండేదే ఇద్దరు."

ఆ ఇద్దరిలో ఒకరికి చేతులు రావు. ఇక ఆలోచించడానికి ఏముంది?

అమ్మణి కొంగు నడుముకు దోపింది. "ఏమ్మే మునెమ్మా, మా ఇంట్లో తింటా మాతోనే ఆటలా?"

మునెమ్మ మంచం వైపు చూసింది. ముసలామె కళ్ళు బెదిరిపోయి ఉన్నాయి.

"నేనే నొక్కినానమ్మా."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికేనంట! తొండియార్‌పేట నుంచి పిలిపించి మరీ పెట్టుకున్నాం చూడండి, మనల్ని మనమే కొట్టుకోవాల."

"ఇంకో ఇంట్లో పోయి ఆడుకో, పో!" అన్నాడు కోదండరాం.

మునెమ్మ సంచి సర్దుకుంది. ముసలామె మొహం తుడిచింది. దుప్పటి సరిచేసింది. గడప దగ్గర ఆగింది.

"అయ్యా, నన్ను పంపితే పంపు. డబ్బా మాత్రం ఈణ్ణే ఉండనీ."

"చూసినారా తెగింపు! పోతా పోతా మనకే ఆర్డర్ వేస్తాది," అంది అమ్మణి.

దాంతో కోదండరాంకి పంతం వచ్చింది. అప్పటికప్పుడే వైర్లు పొడిగించి డబ్బాను హాల్లోకి మార్పించాడు.

ఆ తర్వాత టీవీలు ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. పీడ వదిలిందని అందరూ అనుకున్నారు. వెనక గదిలో టీవీ దానిమానాన అది వెలిగేది, దానిమానాన అది ఆరిపోయేది. ఆ గదిలోకి పోవాల్సిన అవసరం కోదండరాంకి లేకపోయింది.

ఒక సాయంత్రం కొత్త ఆయా వల్లి హాల్లోకి వచ్చి నిలబడింది.

"సార్, పెద్దమ్మ తలకాడ గోడకి ముందు ఏముండె?"

"ఎందుకు?" అతని కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

"నేనొచ్చినప్పట్నుంచీ పొద్దుగూకి నూనె రాస్తే చాలు, చెయ్యి లేపి ఆణ్ణే తడిమేది. తడమడం, వాకిలి పక్క చూడడం. ఇప్పుడు అదీ మానేసింది. కూడు కూడా నోట్లో పెడితే ఉమ్మేస్తా ఉండాది."

"చెయ్యి లేపడమేంది?"

"ఎడం చెయ్యి సార్."

"అది రాదమ్మా. డాక్టరే చెప్పినాడు."

"రాకేమి సార్! ఎవరో మహాతల్లి దినామూ నూనె పట్టించి తోమి తోమి రప్పించింది. మీరు చూడనే లేదా?"

కోదండరాం లేచి వెనక గదిలోకి పోయాడు.

డబ్బా తీసేసిన చోట, సున్నం మీద నూనె వేళ్ళ గుర్తులు. ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని.

"అమ్మా!" అన్నాడు.

ఆమె ఇటు తిరగలేదు. టీవీ వైపూ చూడలేదు. ఎడం చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది.

మునెమ్మను మళ్ళీ పిలిపిద్దామన్నా, తొండియార్‌పేటలో ఆమెది ఏ వీధో ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

కొడుకును గదిలోకి రప్పించుకునేది ఆ చెయ్యేనని తెలిస్తే డబ్బాను దానికి అందకుండా చేస్తారని, తప్పు తనమీద వేసుకుని వెళ్ళిపోయింది మునెమ్మ.