వన్ బై టూ

“స్కూటీ మానలేను సార్. నన్ను బస్సు ఎక్కమనకండి,” అంది రోజారమణి.

మేనేజర్ అశోక్ లాప్‌టాప్ ఆమెవైపు తిప్పాడు. విశాఖ రుషికొండలోని తమ కంపెనీకి ఎవరు ఎక్కడి నుంచి ఎలా వస్తున్నారో, దారిలో ఎంత పొగ వదులుతున్నారో చెప్పే లెక్క అది.

“గాజువాక నుంచి ఇంతదూరం ఒక్క మనిషికి ఒక బండి. మీ సెక్షన్‌లో మీ పొగే ఎక్కువ. సోమవారం నుంచి ఆ వైపు వాళ్లంతా కంపెనీ బస్సులోనే రావాలి. పార్కింగ్ కూడా తీసేస్తున్నాం.”

“ఎవరికీ మినహాయింపు లేదా సార్?”

“ఉంది. స్కూల్లో దింపాల్సిన పిల్లలున్నారా?”

“లేరు.”

“ఆస్పత్రికి తిప్పాల్సిన పెద్దవాళ్లు?”

“లేరు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఒక మనిషి కోసం ఆగాలి సార్. టీ తాగేంతసేపు.”

“దానికి మినహాయింపు లేదమ్మా,” అన్నాడు అశోక్, కోపం లేకుండానే. “బస్సు ఫ్లైఓవర్ మీంచి పోతుంది. అక్కడ ఆగదు.”

బయటికి రాగానే పక్క సీటు మధులత చెవి దగ్గరికి వచ్చింది.

“టీ కొట్టు దగ్గర ఎర్రదుమ్ము చొక్కా ఆయనేనా? రోజూ ఆ దారిన వస్తూ చూస్తూనే ఉన్నాన్లే. మీ ఆయనకి తెలుసా తల్లీ?”

నవ్వాలో ఏడవాలో తెలియక రోజారమణి తల వంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫ్లైఓవర్ కింద బండి ఆపింది. రాత్రి డ్యూటీ ముగించుకుని, పోర్టు వైపు నుంచి వచ్చిన బస్సులోంచి సాయిశంకర్ దిగాడు. కనురెప్పల మీద కూడా ఇనుప ఖనిజం ఎర్రదుమ్మే. వన్ బై టూ అడిగితే టీ కొట్టు గంగాలమ్మ ఎప్పటిలాగే రెండు గ్లాసులూ నిండుగా పోసింది.

రోజారమణి బస్సు సంగతి చెప్పింది.

“మరి సాయంకాలం?” అన్నాడతను.

“నాను తిరిగొచ్చేసరికి నువ్వు డ్యూటీకెల్లిపోతావు కదేటి.”

“ఆదివారం?”

“నాకు సెలవు. నీకున్నాదేటి?”

“మరేటి సేత్తాం, ఫోన్లోనే తాగుదాం టీ,” అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇద్దరూ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డారు. టీ చల్లారిపోయింది. గంగాలమ్మ ఏమీ అడగకుండా గ్లాసులు తీసుకెళ్లి, మళ్లీ వెచ్చజేసి తెచ్చింది. అదీ తాగడం అయిపోయింది.

రోజారమణి బ్యాగులోంచి ఇంటి తాళంచెవి తీసి మొగుడి చేతిలో పెట్టింది.