రాయమల్లు సద్దిడబ్బా

ఆండాళమ్మ మెడలోని బంగారు గుండ్లపేరు మీద రాయమల్లు కన్ను లాంచి ఎక్కుతూనే పడింది. పొద్దుగూకేలోపు అది తన సద్దిడబ్బాలో ఉండాలని అప్పుడే ఖాయం చేసుకున్నాడు.

డెబ్బై రెండో సంవత్సరం, కార్తీకం. గోదావరిఖని బొగ్గుబాయి కార్మికులు పదిహేనుమంది భద్రాచలంలో మొక్కు తీర్చుకుని, కొండల సందున రాజమండ్రి దాకా లాంచిలో బయల్దేరారు. మంథని పంతులు అనంతరామ్, ఆయన భార్య ఆండాళమ్మ అందులోనే ఉన్నారు. నది నడుమ గుట్టలా లేచిన ఒక లంక దగ్గర పగలంతా ఆగుతామని, స్నానాలు, గుడి, సద్దులు అన్నీ అక్కడేనని సరంగు చెప్పాడు.

రాయమల్లుది మామూలు డబ్బా కాదు. దానికి అడుగు కింద ఇంకో అడుగుంది. మంచిర్యాలలో రేకుపని చేసేవాడితో చెప్పి పెట్టించాడు. బాయి గేటు దగ్గర తనిఖీ చేసే ఎల్లన్న రోజూ అందరి ఒళ్ళూ తడిమి చూసి గానీ లోపలికి వదలడు. బాయిలో నిప్పంటుకుంటుందని భయం; బీడీ దొరికిందా, నౌకరీ పోయినట్టే. అయినా పదేళ్ళుగా ఆ దొంగ అడుగులో రాయమల్లు బీడీలు లోపలికి పోతూనే ఉన్నాయి. ఎల్లన్న ఒక్కనాడూ పట్టలేదు. తనంత మొనగాడు బాయి మొత్తంలో లేడని రాయమల్లు మీసం తిప్పేవాడు.

ఒక్కటే చిక్కు. బీడీలు చుట్టి పచ్చదారం కట్టేదీ, పొద్దున్నే డబ్బాలో పెట్టేదీ అతని పెళ్ళాం లస్మవ్వ. ఐదు పెట్టానంటుంది. బాయిలో తీసి చూస్తే మూడే ఉంటాయి. రెండు బీడీలు నొక్కేసి అమ్ముకుంటున్నావని అతను, నీ కళ్ళకు బొగ్గు కమ్మిందని ఆమె, పదేళ్ళుగా ఇంట్లో ఇదే పంచాయితీ. చివరికి ఈ ప్రయాణానికి ముందు ఆమె గడపకు అడ్డంగా నిలబడింది.

"పదేండ్ల సంది నన్ను దొంగను జేసినవు. దండుగ కింద గుండ్లపేరు తే. ఉత్తచేతులతోటి వచ్చినవా, నేను మా తల్లిగారింటికి పోత. మళ్ళ రాను."

లస్మవ్వ అన్నదంటే చేసే మనిషి. అందుకే రాయమల్లుకు గుండ్లపేరు తప్ప కొండలూ కనబడలేదు, గోదారీ కనబడలేదు.

లంక దగ్గర దిగగానే ఆండాళమ్మ గుండ్లపేరు తీసి పొడిచీరల మూటలో ముడివేసింది. నీళ్ళలో జారిపోతుందని ఆమె భయం. రాయమల్లు ఎక్కడలేని వినయం తెచ్చుకున్నాడు.

"అమ్మా, మెట్లు నిలువుగున్నయ్. మీరు తానం జేసి నిమ్మలంగ రాండ్రి. మూట నేను పైన పెడుత."

గుడి మెట్ల రెండో మలుపు దాటేసరికి ముడి విప్పాడు, మళ్ళీ కట్టాడు. గుండ్లపేరు చప్పుడు కాకుండా గుడ్డపేలికలో చుట్టుకుని, ప్రయాణమని బీడీలు పెట్టని దొంగ అడుగున చేరింది. దాని మీద జొన్నరొట్టెలు, వాటి మీద తొక్కు. ఆ తర్వాత గుడి చుట్టూ మూడుసార్లు తిరిగాడు, కోతులకు అటుకులు వేశాడు, రాతిమీద వెల్లకిలా పడుకుని పాట అందుకున్నాడు.

ఆండాళమ్మ ఏడుపుతో ఆ పాట ఆగింది. అది ఆమె తల్లి పోతూ పోతూ తన చేత్తో వేసిన గుండ్లపేరట.

ఒంటిమీద సోదా కానిదే ఒక్కరూ లాంచి ఎక్కొద్దన్నాడు సరంగు. సోదా చేయడం ఎవరికి తెలుసని అడిగితే కార్మికులంతా నవ్వి ఎల్లన్నను ముందుకు తోశారు. మొక్కుకని ఎల్లన్న కూడా వాళ్ళతోనే వచ్చాడు మరి.

రాయమల్లు డబ్బాను చంకలోకి లాక్కుని, మళ్ళీ తనలో తాను నవ్వుకున్నాడు. ఎల్లన్నే కదా.

బాయి గేటు దగ్గరలాగే డబ్బాలన్నీ వెనక బల్లమీద వరసగా పెట్టించాడు ఎల్లన్న. ఒక్కొక్కరినీ నీళ్ళవైపు తిప్పి చేతులు పైకెత్తమన్నాడు. రాయమల్లు వంతు వచ్చింది.

"మంచిగ జూడు బావ. పదేండ్లల్ల దొరకనిది ఇయ్యాల దొరుకుతదా?" అన్నాడు గోదారివైపు చూస్తూ.

వెనక డబ్బా మూత చప్పుడైంది. "చింతకాయ తొక్కా?" అన్నాడు ఎల్లన్న.

"ఔ. తింటవా?"

"వద్దు తియ్యి. నీ డబ్బ రుచి నాకు ఎర్కనే."

పదిహేనుమందీ అయిపోయారు. ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు. రాయమల్లు డబ్బా చంకన పెట్టుకుని దర్జాగా లాంచి ఎక్కాడు. అనంతరామ్ పంతులు తలవంచుకుని భార్యను లెమ్మన్నాడు. ఎల్లన్న మాత్రం ఒకసారి మెట్లు వెతికొస్తానని పైకి పోయాడు. రెండు నిమిషాల్లో గుండ్లపేరు వేలికి తగిలించుకుని దిగొచ్చాడు.

"మెట్ల సందుల పడ్డదమ్మా. ఇగ ఏడువకుండ్రి."

ఆండాళమ్మ అతని రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. లాంచిలో అంతా చప్పట్లు కొట్టారు. రాయమల్లు చేతులు మాత్రం లేవలేదు.

ఇంజను వెనక్కి పోయి, రొట్టెలు ఒళ్ళో గుమ్మరించుకుని, దొంగ అడుగు పైకెత్తాడు.

గుడ్డపేలిక మీద, లస్మవ్వ పచ్చదారంతో కట్టిన బీడీలు రెండు ఉన్నాయి.