అట్టమీద మరక

ఆ రోజు కూడా అట్ట తడిసింది.

ఇన్‌స్పెక్టరుగారు మోకాళ్లమీద కూర్చుని, కారు కిందనుంచి అట్టముక్క బయటికి లాగి వాసన చూశారు. సందేహం లేదు, డీజిలే. మరక అరచేయంత ఉంది. జేబులోంచి స్కేలు తీసి కొలిచి నోటుబుక్కులో రాసుకున్నారు. "పదకొండో రోజు. తొమ్మిది సెంటీమీటర్లు."

ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరేం కాదు. బోల్టుల ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్లు తనిఖీ ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా బోల్టుని వెనక్కి కొట్టిన మనిషి. రిటైరైన మొదటివారం ఇంట్లో ఉన్న డబ్బాలన్నిటికీ నంబర్లు వేశారు. రెండోవారం పాలు పొంగడానికి ఎంతసేపు పడుతుందో సెకన్లతో సహా కాగితంమీద రాసి గోడకి అంటించారు. మూడోవారం, భార్య ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన నిలబడి ముక్కల మందం కొలిచారు. అంతటి మనిషిని ఇప్పుడు ఒక డీజిలు చుక్క మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

జబ్బేమిటో తెలియక కాదు. కారు ఇరవై రెండేళ్ల పాతది. చలికి డీజిలు చిక్కబడకుండా, ఇంజన్లోకి వెళ్లేముందు కాస్త వెచ్చచేసే ఫ్యూయల్ హీటరు అనే చిన్న డబ్బా ఉంటుంది దానికి. అందులో రబ్బరు రింగు చీలింది. మెకానిక్ వచ్చి మొదటిరోజే కొత్త రింగు వేశాడు. మర్నాడు అట్ట తడిసింది. పైపు మార్చాడు. తడిసింది. క్లిప్పులు మార్చాడు. మళ్లీ తడిసింది.

ఆ చుట్టుపక్కల అతన్ని అందరూ డీజిలు డాక్టరంటారు. ఆ డాక్టరే ఇప్పుడు తల గోక్కుంటున్నాడు.

"నాకూ అంతు చిక్కట్లేదు సార్. లీకుంటే పైపులోకి గాలి పోవాలి. గాలి పోతే బండి మొండికెయ్యాలి. ఇదేమో తాళం తిప్పగానే గుర్రంలా లేస్తోంది."

"మరి ఈ మరక ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"అదే నాకూ తెలియట్లేదు సార్."

అట్ట పొడిగా కనిపించేదాకా బండి గేటు దాటదని ఇన్‌స్పెక్టరుగారు శపథం పట్టారు. పొద్దున ఏడింటికి స్నానం. ఏడుంపావుకి అట్ట తనిఖీ. ఆ తర్వాత పొద్దుగూకేదాకా బానెట్ కింద తలకాయ. భోజనానికి పిలిస్తే "ఐదు నిమిషాలు" అని గంటన్నరకి వచ్చేవారు.

"ఆ డొక్కు బండిని అమ్మి పారెయ్యండి. మనకి బస్సుల్లేవా ఏం?" అని భార్య రోజూ సణిగేది.

చెప్పినదానికి అడ్డం తిరగడం ఆయనకి పుట్టుకతో వచ్చిన గుణం. "అమ్మే ప్రసక్తే లేదు. లోపమున్న వస్తువేదీ నా చెయ్యి దాటి బయటికి పోలేదు, పోదు కూడా!" అంటూ మళ్లీ కారు కింద దూరేవారు.

పదమూడో రోజున మాత్రం మెట్లమీద కూలబడిపోయారు. చేతులనిండా మసి, చొక్కానిండా డీజిలు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ముప్ఫై మూడేళ్లు ఏం వెలగబెట్టానో ఏంటో! ఇంత చిన్న లీకు పట్టుకోలేకపోతున్నాను" అన్నారు.

ఆవిడకి నిజంగానే జాలేసింది. లోపలికెళ్లి, చక్కెర కాస్త దండిగా వేసి వేడివేడి టీ తెచ్చి చేతికిచ్చింది.

ఒక గుక్క తాగి ఆయన నిటారుగా కూర్చున్నారు. "చక్కెర ఎక్కువైంది. అసలు కొలత ఉందా నీకు? ఈ లీకు పని కానీ, టీ సంగతి కూడా చూస్తాను."

ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే డీజిలు డాక్టరు తెగించాడు. హీటరుని ఏకంగా విప్పి పక్కన పారేసి, రెండు పైపుల్నీ ఒకదానికొకటి కలిపేశాడు.

"ఇక్కడి చలికి హీటరు లేకపోయినా బండి నడుస్తుంది సార్. లేని డబ్బా ఎక్కడినుంచి కారుతుంది? రేపు ఇక్కడ అట్ట తడిస్తే నా షాపు బోర్డు దించేస్తాను."

ఇన్‌స్పెక్టరుగారి ముఖం వెలిగిపోయింది. "శభాష్! రేపటినుంచి నాకు తీరికే తీరిక. ఏమోయ్, విన్నావా? ఇంట్లో పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పొద్దున్నే మొదలెడదాం."

గుమ్మంలో నిలబడ్డ భార్య మెకానిక్ వైపు చూసింది. "అయితే ఇక చచ్చినా కారదంటావా బాబూ?"

"ముందువైపు నాది పూచీ అమ్మా. వెనక ట్యాంకుందే, దాని సంగతి మాత్రం నేను చెప్పలేను. పాత బండి కదా!"

"అలాగా" అందావిడ.

ఎందుకైనా మంచిదని ఇన్‌స్పెక్టరుగారు పెద్ద అట్టపెట్టె ఒకటి విప్పి, ముందునుంచి వెనకదాకా బండి కిందంతా పరిచారు. ఆ రాత్రి పదమూడు రోజుల తర్వాత హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయారు.

మర్నాడు ఏడింటికి ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి బాత్రూము గడియ పెట్టుకోగానే, ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కారు దగ్గరికెళ్లి, దగ్గుమందు సీసాలో మిగిలిన డీజిలుని ఈసారి వెనక చక్రాల మధ్య అట్టమీద ఒంపేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, తన వంటింట్లో తన ఇష్టమొచ్చినంత చక్కెరతో టీ పెట్టుకుంది.