మంచం ఉన్న మూల

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: కుట్టుమిషను ముందు నాన్న, స్టవ్వు దగ్గర అమ్మ, గోడకు ఆనుకొని నానమ్మ, మూలలో తలుపు బిగిస్తున్న మేస్త్రి. పిల్ల సంగతి సరేసరి. ఇల్లు విడిచి ఆమె ఎక్కడికి పోతుంది?

ఒకటే గది. మేస్త్రి మరుగుదొడ్డి కట్టిన మూలలో మొన్నమొన్నటిదాకా పిల్ల మంచం ఉండేది. తీసేస్తామని ఎవరూ ఆమెకు చెప్పలేదు. అయినా పిల్ల ఉడుక్కోలేదు. మంచం పోతే పోయింది, గుడ్డముక్కల మూట మీద పడుకోవచ్చు. వీధి మొత్తానికి ఉన్న ఒక్క పబ్లిక్ టాయిలెట్ మోటారు కాలిపోయి తాళం పడ్డప్పటి నుంచి, ఇంట్లో ఒకటి కట్టమని ఆమె నాన్న ప్రాణం తోడేసింది.

"చోటేదే తల్లీ, నా నెత్తి మీద కట్టనా?" అనేవాడాయన.

ఇప్పుడు చోటు దొరికింది.

"తలుపు వీధివైపే పెట్టమన్నారు, మీకు ఇబ్బంది కాదా సార్?" అన్నాడు మేస్త్రి.

"వీధిలో ఆడపిల్లలందరూ వస్తారు. వాళ్ళకీ ఉండాలి."

"లోపల ఇంత లావు గడియ ఎందుకండీ? బ్యాంకు లాకరా ఏమన్నా?"

"ఉండనీ."

"ఇదేదో ముందే కట్టి చావొచ్చు కదరా," అంది నానమ్మ.

నాన్న తల ఎత్తలేదు. మిషను చక్రం మాత్రం ఆగిపోయింది.

పిల్ల అమ్మ వైపు చూసింది. అమ్మకు కోపం ఇంకా తగ్గినట్టు లేదు.

తప్పు తనదే. టాయిలెట్‌కు తాళం పడ్డాక వీధిలో ఆడపిల్లలు చీకటి పడే వేళకి రైలు పట్టాల అవతల తుప్పల్లోకి వెళ్ళేవాళ్ళు. ఒంటరిగా వెళ్ళకూడదన్నది వీధి కట్టుబాటు. ప్రతి పిల్లకూ ఒక జోడీ. ఒకరు తుప్పల్లోకి వెళ్తే ఇంకొకరు కాపలా. రైలు వస్తుంటే ఈల వెయ్యాలి. ఈ పిల్లకు జోడీ, ఇస్త్రీ ఆయన కూతురు. ఒక సాయంత్రం ఇద్దరికీ దువ్వెన దగ్గర మాటామాటా పెరిగింది. "నీ తోడు నాకేం అక్కర్లేదు పో," అని పిల్ల చెంబు పట్టుకొని ఒక్కతే వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఎవరూ లేరు. వీధి వీధంతా టార్చిలైట్లు పట్టుకొని ఆమెను వెతకడానికి వెళ్ళింది.

అప్పటినుంచి అమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడినా భుజం మీదుగా ఎటో చూస్తుంది. "తప్పైపోయిందమ్మా" అంటే పలకదు. రైలు కూత వినిపిస్తే మాత్రం చేతిలో పని వదిలేసి చెవులు మూసుకుంటుంది.

మేస్త్రి చివరి మేకు కొట్టి లేచాడు. "అయిపోయిందమ్మా. బోణీ ఎవరిది?"

అమ్మ వీధిలోకి వెళ్ళి ఇస్త్రీ ఆయన కూతుర్ని పిలిచింది. "రావే. మొదట నువ్వే."

పిల్లకు మనసు చివుక్కుమంది. కట్టమని పోరు పెట్టింది తను. బోణీ దానిదా?

జోడీ తల దించుకొని వచ్చింది. "ఒక్కదాన్నే వెళ్ళను పిన్నీ. భయం."

"ఇక్కడ ఒక్కదానివే వెళ్ళొచ్చు. బయట నేనుంటాగా."

"నన్ను తిట్టు పిన్నీ. ఆ రోజు దువ్వెన ఇచ్చేసి ఉంటే..."

"ముందు నువ్వు లోపలికి వెళ్ళమ్మా. తలుపు నేను వేస్తాను, గడియ నువ్వు పెట్టుకో."

అమ్మ గొంతు ఎంత మెత్తగా ఉందో. పోట్లాడుకున్నది ఇద్దరూ, మాటలు మాత్రం దానితోనే.

అప్పుడు పిల్లకు ఉపాయం తట్టింది. జోడీ లోపలికి వెళ్ళగానే తనూ వెళ్ళి సరిగ్గా గుమ్మం మధ్యలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది. ఇక తలుపు వెయ్యాలంటే అమ్మ "తప్పుకోవే" అనక తప్పదు. ఆ ఒక్క మాట చాలు. విసుక్కుంటూ అన్నా సరే.

అమ్మ దగ్గరికొచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకొని చెవులు రిక్కించింది.

అమ్మ ఏమీ అనలేదు.

తలుపు పిల్ల ఒంట్లోంచే వెళ్ళి మూసుకుంది.