ముట్టాకు

రాయదుర్గం పొలాల మీద ఇసుక పరుచుకుని, జెముడు తప్ప ఇంకేదీ పెరగని రోజులవి. ఏ మొక్క వైపు చేయి చాపినా, అందరూ పెట్టుకునే కళ్ళజోడే దాని పేరు చెబుతుంది. ఆ పేరును మొదట నేర్పినవాళ్ళ గొంతుతోనే చెబుతుంది.

కాడజెముడు పేరు మాత్రం జిల్లా అంతటా కళ్ళజోళ్ళు తప్పుగా పలుకుతున్నాయి. సరిచేయడానికి వచ్చిన అధికారిణి నస్రీన్, అక్కడి పొలాల కాపలాదారు ఎర్రిస్వామిని అడిగింది.

"ఆకే లేని మొక్కకు ముట్టాకు అని పేరేమిటి తాతా?"

"అది పేరు కాదు మేడం. మా ఇంటామె మారెక్క అరుపు. దీని పాలు కంట్లో పడితే చూపు పోతాది. నేను చెయ్యి పెట్టబోతే చాలు, ముట్టాకు అని గదమాయించేది, ముట్టుకోవద్దని. ఈ కళ్ళజోడు అదే పేరనుకునింది." మెల్లగా అన్నాడు. "ఆమె పోయి మూడేండ్లాయె. తప్పు తప్పే కదా, తుడిచేయండి."

నస్రీన్ విరిగిన కొమ్మను పట్టి చూడబోయింది.

"ముట్టాకు!" చెవిలో ఒక ఆడగొంతు కసిరింది.

ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది. కొమ్మ చివర తెల్లటి పాలచుక్క వేలాడుతోంది.

"పేరు సరిగ్గానే ఉంది" అని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆమె జీపు కనుమరుగయ్యాక, ఎర్రిస్వామి మళ్ళీ ఆ మొక్క వైపు చేయి చాపాడు.